ఎర్రకోన వద్దన్నమ్మ తల్లి చెయ్యి

ఎర్రకోన అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి చెరువుకట్ట మీదుగా నడిస్తే, కట్ట దక్షిణపు కొసన వద్దన్నమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గోపురం లేదు. నాలుగు రాతిస్తంభాల మండపం, దాని వెనక చిన్న గర్భాలయం, ముందు చెరువు నిండితే మిగులునీరు పొర్లిపోయే అలుగు. ఈ మధ్య దాతలు రేకుల పందిరి వేయించారు, కొళాయి పెట్టించారు. గుడి చుట్టూ కోళ్లు, పొట్టేళ్లు ఏ బెదురూ లేకుండా తిరుగుతుంటాయి. ఈ తల్లి సన్నిధిలో రక్తం బొట్టు కూడా పడదన్న సంగతి భక్తులకంటె వాటికే బాగా తెలుసునని ఊరివారు నవ్వుతూ చెబుతారు.

అమ్మవారి విగ్రహం మూరెడు ఎత్తు నల్లరాయి. ఎడమచెయ్యి పక్కనున్న చిన్న స్త్రీమూర్తి భుజం మీద ఉంటుంది. కుడిచెయ్యి పైకి లేచి, అరచెయ్యి మన వైపు తిరిగి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అభయహస్తమనుకొని దండం పెట్టుకొంటారు. తప్పేమీ లేదు. అయితే ఎర్రకోన ఆడవారు మాత్రం ఒప్పుకోరు. "అభయం కాదు నాయనా, వద్దంటా ఉండాది" అని సరిదిద్దుతారు. ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలిపేదే ఈ స్థలపురాణం.

పూర్వం ఇక్కడ, పాళెగాళ్ల ఏలుబడిలో, ఓబుళరెడ్డి అనే పెద్దకాపు ఉండేవాడు. ఇచ్చిన మాటకు నిలబడే మనిషి. ఆయనకు వచ్చిన చిక్కంతా ఆ గుణంతోనే వచ్చింది. ఆయన భార్య అక్కసానమ్మ. ఒక్కడే కొడుకు, పాళెగాడి కోటలో కొలువు చేస్తూ ఏడాదికోసారి ఇంటి ముఖం చూసేవాడు. కోడలు చెంగమ్మ. ఆడపిల్లలు లేని అక్కసానమ్మకు ఆ కోడలంటే ప్రాణం. అత్తాకోడళ్లు ఒక్క మాట మీద ఉండటం ఊళ్లో కొందరు అత్తలకు కంటగింపుగా కూడా ఉండేదట.

చెరువుకట్ట వరుసగా రెండు వానకాలాలు తెగింది. మొదటిసారి పంట పోయింది. రెండోసారి పంటతోపాటు గొడ్డూగోదా పోయాయి, కట్ట కింది ఇళ్లు కొట్టుకుపోయాయి. గింజలు లేక జనం అడవిగడ్డలు తవ్వుకు తిన్నారు. మళ్లీ కట్ట పోస్తున్న రోజుల్లో ఓబుళరెడ్డికి తెల్లవారుజామున కల వచ్చింది. అలుగు మీద తడిసిన పచ్చచీరతో ఒక పెద్దముత్తయిదువ నిలబడి ఆయన వైపు చెయ్యి చాచింది. నోరు విప్పి ఏమీ చెప్పలేదు.

రెడ్డి ఆ కలను పుల్లప్పకు చెప్పుకొన్నాడు. ఊళ్లో కలలకు అర్థం చెప్పే పెద్ద పుల్లప్ప. చెప్పిన అర్థం ఎన్నిసార్లు తప్పినా చెప్పే గొంతు మాత్రం ఎన్నడూ తడబడలేదు. "చెయ్యి చాచిందంటే అడుగుతా ఉండాదనే గదా రెడ్డీ. గంగమ్మ మనిషిని అడుగుతా ఉండాది. నీ కల్లోకి వచ్చిందంటే నీ ఇంట్లోనించే" అని తేల్చేశాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ అడగకముందే ప్రాణం పెట్టడానికి సిద్ధమయ్యారు.

కాపురానికి వచ్చి ఇన్నేళ్లయినా కడుపు పండని కోడలి పేరు ఊరి నోటికి తొందరగా వచ్చింది. పిల్లల తల్లి అయ్యుంటే ఆ నోళ్లు కాస్త జంకేవేమో. రెడ్డికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఆకలికి సొమ్మసిల్లిన పసిబిడ్డలను ఎత్తుకువచ్చి పెద్దలు ఎదుట నిలబడితే కాదనలేక మాట ఇచ్చేశాడు. వచ్చే అమావాస్య పొద్దున, తెగిన చోట గుంత తీసి, చెంగమ్మను అందులో నిలబెట్టి మన్ను పోయాలని నిర్ణయమైంది.

ఆ మాట విన్న అక్కసానమ్మ గడప పట్టుకొని నిలబడిపోయింది. పెరట్లో చెంగమ్మ ఆవులకు గడ్డి వేస్తోంది. ఆ పిల్లకూ అప్పటికే తెలిసింది. "నేను పోతే కట్ట నిలుస్తుందంటే పోతాలే అత్తా. నాకోసరం నువ్వు మామతో జగడం పడొద్దు" అంది, చేతిలో గడ్డి అలాగే పట్టుకొని. అక్కసానమ్మకు పట్టరాని కోపం వచ్చింది. "నోర్ముయ్యే. నిన్ను గంగలో కలిపి, ఆ నీళ్లతో పండిన కూడు నాకు గొంతు దిగుతాదా?" అని అరిచి, ఆ వెంటనే కోడలిని కావలించుకొని ఏడ్చింది. ఆనాటి నుండి రోజూ అలుగు దగ్గరకు వెళ్లి "నువ్వూ తల్లివే గదమ్మా, దోవ చూపించు" అని మొక్కుకొంటూ వచ్చింది. తల్లి పలకలేదు. అమావాస్య మాత్రం దగ్గర పడింది.

ముందునాటి మధ్యాహ్నం రెడ్డి భోజనానికి కూర్చున్నాడు. కొన్నాళ్లుగా ఆయన తింటున్నది తిండి కాదు. ఎంత కోపం ఉన్నా అక్కసానమ్మ వడ్డన మానలేదు. సంగటిముద్ద పెట్టి పప్పు పోసింది. రెండో ముద్ద పెట్టబోతుంటే ఆయన తల ఎత్తకుండానే చెయ్యి ముందుకు చాచాడు. "వద్దు" అన్నాడు.

అక్కసానమ్మ ముద్ద పట్టుకొని అలాగే నిలబడిపోయింది. చూపు ఆ చేతి మీదే ఉంది.

"ఏమయ్యా, కల్లో ఆ తల్లి చెయ్యి ఎట్ల పెట్టింది?"

"చాచిందని చెప్పినా గదా."

"చాచిందిలే. అరచెయ్యి ఎటుండింది? ముష్టికి పట్టినట్ల ఆకాశానికా, ఇప్పుడు నువ్వు పెట్టినట్ల నా దిక్కుకా?"

ఓబుళరెడ్డి తన చేతిని తానే కొత్తగా చూసుకొన్నాడు.  "ఇట్లనే" అన్నాడు చివరికి.

"అయితే అడిగే చెయ్యి కాదయ్యా అది! ఇన్నేండ్లుగా వడ్డిస్తా ఉండా. పెట్టమనే చెయ్యేదో, చాలనే చెయ్యేదో నాకు తెల్దా? ఆ తల్లి వద్దనింది. అదీ అలుగు మీద నిలబడి వద్దనింది. ఆలోచన చెయ్యి."

ఆలోచించడానికి ఎక్కువేమీ లేదు. మూడేళ్ల కిందట ఆ అలుగు మీద రెండు వరుసల రాళ్లు పేర్పించింది ఓబుళరెడ్డే. అంతకుముందు చెరువు నిండితే మిగులునీరు అలుగు దాటి, కిందనున్న అక్కసానమ్మ చేని మీదుగా వాగులో కలిసేది. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఆమెకు ఇచ్చిన మాగాణి అది. ఏటా నీళ్లు దాన్ని కోసుకుపోతున్నాయని, భార్య మీద ప్రేమతోనే రెడ్డి అలుగును ఎత్తు చేయించాడు. ఆ ఏడు ఆ చేనిలో బంగారం పండింది. మరుసటి ఏటి నుండి, దారి మూసుకుపోయిన నీళ్లు కట్టను తిన్నాయి. ఇంతకాలం ఆ రెండు సంగతులనూ ఎవరూ కలిపి చూడలేదు.

"నిండిన విస్తట్లో ఇంకా వడ్డిస్తే పొర్లిపోక ఏమైతాది? ఆ రాళ్లు తీసెయ్యి. చేను నాది, నేనిస్తా" అంది అక్కసానమ్మ.

"ఊరి ముందర మాటిచ్చినానే. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని కాదనేది?"

"నీ మొగం పెద్దదా, పిల్ల పానం పెద్దదా? మాట తప్పమని నేను చెప్పలా. ఆ తల్లి చెయ్యి ఎట్ల పెట్టిందో రేపు కట్ట మీద అందరికీ చూపించు, చాలు."

 రెడ్డి చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. ఆయన ఏం చేస్తాడో అంతకాలం కాపురం చేసిన అక్కసానమ్మకు కూడా అంతు చిక్కలేదు.

అమావాస్య పొద్దున డప్పులు మోగాయి. చెంగమ్మకు పసుపు పూసి, కొత్తచీర కట్టించి కట్ట మీదకు తెచ్చారు. ఆ పిల్ల వణుకుతూ గుంతలోకి దిగింది. ఆమె వెనకే అక్కసానమ్మ కూడా దిగి, కోడలి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"పోసేదుంటే ఇద్దరి మీదా పొయ్యండి. పోసేముందర రెడ్డి తన కల చూపించాల" అంది.

పుల్లప్ప అడ్డం వచ్చాడు. "అర్థం చెప్పేసినాం గదమ్మా."

"అర్థం నువ్వే చెప్పు నాయనా. చెయ్యి మాత్రం చూసినాయన్ని చూపనీ."

డప్పులు ఆగాయి. మన్నుగంపలు ఎత్తుకొన్నవారు ఎత్తుకొన్నట్లే నిలిచారు.  ఓబుళరెడ్డి గుంతలో నిలబడిన ఇద్దరినీ చూశాడు. తరువాత కుడిచేతిని మెల్లగా ముందుకు చాచాడు. అరచెయ్యి జనం వైపు తిరిగింది.

"ఇట్ల పెట్టింది. చూసింది నేనే, తెలుసుకోలేకపోయింది కూడా నేనే" అన్నాడు.

మొదట అర్థమైంది ఆడవారికి. "అయ్యో, వద్దంటే అట్ల గదా పెడతారు!" అని వెనకనుంచి ఒక ముసలమ్మ కేక వేసింది. గంపలు కిందికి దిగాయి. కట్ట ఈ కొస నుండి ఆ కొస దాకా జనమంతా ఒక్క గొంతుతో "హమ్మయ్య" అన్నారు. వారెవరికీ ఆ పిల్లను పూడ్చాలని లేదు. వద్దనడానికి ఒక నోరు లేక అంతదాకా వచ్చారు. పుల్లప్ప కండువాతో కళ్లు తుడుచుకొని "నాకూ మొదట్నుంచి అనుమానంగానే ఉన్నింది" అన్నాడు. ఆ సంతోషంలో ఆయనను ఎవరూ ఏమీ అనలేదు.

ఆనాడే అలుగు మీది రాళ్లు పీకేశారు. అక్కసానమ్మ చేని నడుమ నుండి వాగు దాకా దారి తీశారు. గుంత పూడ్చి, తెగిన చోట కట్ట పూర్తి చేశారు. కార్తెలు తిరిగి ముసురు పట్టింది. చెరువు నిండింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా నీళ్లు పాత రాయిని తాకి, అలుగు మీదుగా నెమ్మదిగా జారి చేనిలోకి దిగాయి. కట్ట చెక్కుచెదరలేదు. చిన్ననాడు తన తండ్రి చెయ్యి పట్టుకొని చూపించిన ఆ చేని నల్లరేగడి నీళ్లతో కలిసి పోతుంటే అక్కసానమ్మకు కళ్లు నిండాయి. అప్పుడే చెంగమ్మ గొడుగు పట్టుకొని "అత్తా, తడుస్తా ఉండావు, ఇంటికి రా" అంటూ వచ్చింది. అక్కసానమ్మ కళ్లు తుడుచుకొని కోడలి వెంట నవ్వుతూ నడిచింది.

వరద తీశాక, నీళ్లు కోసిన చోట చెంగమ్మకు ఒక నల్లరాయి కనిపించింది. కడిగి చూస్తే ఈనాడు మనం కొలిచే మూర్తి. ఎత్తిన అరచెయ్యి, పక్కనున్న చిన్నదాని భుజం మీద రెండో చెయ్యి. ఆ తల్లి గంగమ్మేనని శాస్త్రం తెలిసినవారు చెబుతారు. కాదు, అక్కసానమ్మేనని ఊరి ఆడవారు చెబుతారు. పూజారిగారు ఇద్దరికీ తల ఊపుతారు. పేరు మాత్రం ఆనాటి నుండి వద్దన్నమ్మే.

చెంగమ్మకు ఆ తరువాత పిల్లలు పుట్టారా అంటే కొందరు పుట్టారంటారు, కొందరు లేదంటారు. ఎర్రకోనలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. అత్త పోయాక అలుగును కాచింది ఆమేనని మాత్రం అందరూ చెబుతారు. ఎవరైనా ఆశపడి రాయి పేర్చబోతే వెళ్లి చెయ్యెత్తి నిలబడేదట. ఇప్పటికీ వానలకు ముందు ఊళ్లోకెల్లా పెద్దామె వచ్చి అలుగు తడిమి చూస్తుంది. ఆమె సరే అన్నాకనే, పొలాలకు నీళ్లు వదిలే తూముకు పూజ. అక్కసానమ్మ చేను ఈనాటికీ దున్నరు, అది నీళ్ల దారి. ఆ పైన కట్ట తెగిందన్న మాట ఎర్రకోన వినలేదు.

ఈ తల్లి ముందు భక్తులు కోరికలు కోరడం తక్కువ. తమకు వద్దనుకొన్నది చెప్పుకొంటారు. తాగుడు మానలేనివారు, కోర్టు తగాదాలతో విసిగినవారు వస్తారు. ఇష్టం లేని సంబంధం వచ్చిన ఆడపిల్ల ఇక్కడికి వచ్చి చెయ్యెత్తి దండం పెడితే, ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాట మళ్లీ ఎత్తరు.

ఏటా అలుగు పారిన తొలిరోజున ఇక్కడ వడ్డన పండుగ జరుగుతుంది. ఆనాడు కట్ట మీద కోడళ్లందరూ వరుసగా కూర్చుంటారు. అత్తలు సంగటిముద్దలు పట్టుకొని వడ్డిస్తారు. కోడలు చెయ్యి అడ్డం పెట్టి "వద్దత్తా" అనేదాకా అత్త ఆగకూడదు, అన్నాక ఒక్క మెతుకు వెయ్యకూడదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల సిగ్గుపడి, ఆ మాట అనలేక తలవంచుకొని తింటూ ఉంటుంది. విస్తరి నిండుతుంది. అందరూ ఆ పిల్ల చేతివైపే చూస్తుంటారు. చివరికి ఆ చెయ్యి లేస్తుంది. కట్ట మీది జనమంతా ఒక్క గొంతుతో "హమ్మయ్య" అంటారు. ఆ తరువాతే అమ్మవారికి హారతి.