సెలవునాడు తిన్నది ఒంటికి పట్టదట

ఒకానొక రాజ్యంలో ఒక రాజూ, ఆ రాజుకొక పొట్టా ఉండేవి. రాజ్యం పేరు మొగిలిదుర్గం, రాజు పేరు ఉదయమార్తాండుడు. పొట్టకు పేరు లేదు గాని కొలువులోకి ముందుగా వచ్చేది అదే. దాని వెనకాల రాజు వచ్చేవాడు.

చూసి నవ్వేవాళ్ళు చాటుగా నవ్వుకున్నారు. నవ్వు రానివాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళు రాజుగారి పల్లకీ మోసే బోయీలు. రాజుకు పట్టాభిషేకం అయిన ఏడు ఆ పల్లకీకి నలుగురు సరిపోయారు. తర్వాత ఆరుగురయ్యారు. ఆ తర్వాత ఎనిమిది మంది. పల్లకీ దండె మూడుసార్లు మార్చారు. మోసే భుజాలను మార్చడానికి లేదు గదా, ఏం చేస్తారు పాపం.

వాళ్ళ పెద్ద పోలయ్య. యాభై దాటినవాడు. కుడి భుజం మీద కొబ్బరిచిప్పంత కాయ కాసి ఉండేది. మాట నెమ్మది, సహనం ఎక్కువ. ఆ సహనాన్ని రాజు ఎలా అరగదీశాడో చెబుతాను వినండి. చెప్పే నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా కార్తీక పౌర్ణమి నాటి ఉదయం రాజు కొండమీది నరసింహస్వామి గుడికి వెళ్ళి, మధ్యాహ్న హారతి వేళకు తన చేత్తో దీపం పెట్టాలి. కొండకు మూడు వందల మెట్లు. కోట గుమ్మంలో లేచిన పల్లకీ మళ్ళీ గుడి ముందే దిగాలి. నడుమ ఎక్కడైనా పల్లకీ అడుగు నేలకు తగిలిందా, బోయీల మాన్యం పోయినట్టే. మాన్యమంటే కాలవ కింద వాళ్ళ తాతలకు సేవ కోసం ఇచ్చిన పొలం. ఎనిమిది ఇళ్ళ పొయ్యిలు దానిమీదే వెలిగేవి.

ఈ నియమం పెట్టినవాడు రాజుగారి తాత. ఆయన వెదురుబద్దలా ఉండేవాడు, ఆయన కాలంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. నియమాలు పెట్టే పెద్దలు తమ మనవల ఆకలిని గురించి కూడా కాస్త ఆలోచించాలి.

ఒక ఏడు, పౌర్ణమి ఇంకా నలభై రోజులుందనగా, రాజు సింహాసనం మీంచి లేవబోయి లేవలేకపోయాడు. ఇద్దరు భటులు చెరో రెక్కా పట్టి లేపారు. ఆస్థాన వైద్యుడు కేశవాచారిని పిలిపించారు. ఆయన నాడి చూసి, మోకాళ్ళు చూసి, నిట్టూర్చాడు.

"ప్రభూ, ఒళ్ళు తగ్గాలి. నలభై రోజులు పథ్యం. రాగి అంబలి, ఉలవకట్టు, ఆకుకూర, మజ్జిగ. నెయ్యి లేదు, బెల్లం లేదు, పగటి నిద్ర లేదు."

"అంతేనా? మేము శత్రువులను జయించినవాళ్ళం. అంబలిని జయించలేమా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

అయిదు రోజులు జయించాడు. ఆ అయిదు రోజులూ కొలువులో ఎవరికీ బతుకు లేదు. కోట వెనక వీధిలో ఎవరింట్లోనో గారెలు వేగితే ఇక్కడ మంత్రికి చీవాట్లు పడేవి. ఆరో రోజు రాజు వైద్యుడిని నిలదీశాడు.

"ఏమయ్యా, ఏనుగుకు సెలవుంది, గుర్రానికి సెలవుంది. పథ్యానికి మాత్రం సెలవు లేదా?"

కేశవాచారి మెత్తటి మనిషి. "ఉంటే మంచిదే ప్రభూ. నోరు మరీ కట్టేస్తే మనసు తిరగబడుతుంది. ఎనిమిది రోజులకొకసారి ఒక్క పూట, ఒక్క విస్తరి, ఇష్టమైంది తినండి" అన్నాడు.

అక్కడితో ఆగితే కథే లేదు. కాని ఆస్థానంలో శంభుశాస్త్రి అని ఒక పండితుడున్నాడు. రాజు మనసులో ఏముందో కనిపెట్టి దానికి శాస్త్రం కుట్టిపెట్టడం ఆయన వృత్తి.

"మహాప్రభూ, అలసట ఎప్పుడు వస్తుందో అలసినవాడికి తెలుస్తుంది గాని పక్కవాడికెలా తెలుస్తుంది? తమ సెలవును లెక్కపెట్టడానికి వైద్యుడెవరు? ఒక శాసనం వేయించండి, ఈ పోరు వదులుతుంది."

రాజుకు ప్రాణం లేచివచ్చింది. కాని శాసనంలో పథ్యం అన్న మాట ఉండకూడదన్నాడు. రాజు అంబలి తాగుతున్నాడని ఊరంతా తెలిస్తే పరువేం గాను? శాస్త్రి ఆ మాట తీసేసి ఇలా రాశాడు:

"ఎంత కష్టమైన పనికైనను నడుమ సెలవు ఉండవలెను. ఆ సెలవు ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఆ కష్టము పడువాడే నిర్ణయించుకొనవలెను. సెలవునాడు జరిగినదానికి ఎవరును తప్పు పట్టరాదు."

రాతిమీద చెక్కించి కోట గుమ్మం పక్కన నిలబెట్టారు. ఏడు వీధుల్లో దండోరా వేయించారు. తన శాసనం తాను వినాలని రాజు ముచ్చటపడి, ఆ ఏడు వీధులూ దండోరా వెంట పల్లకీలో తిరిగాడు. మోసింది ఎవరో వేరే చెప్పాలా?

ఇక మొదలయ్యాయి సెలవులు. దసరాకు సెలవు. అది పెద్ద పండుగ, ఎవరూ కాదనలేదు. ద్వాదశి పారణకు సెలవు. ఏకాదశి ఉపవాసం ఎవరు చేశారని అడగకండి. మంత్రిగారి మనవడి అన్నప్రాశనకు సెలవు. అన్నం ముట్టాల్సింది మనవడైతే, ముగించింది రాజు. వాన పడితే ఆనందంతో సెలవు, పడకపోతే దిగులుతో సెలవు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడు మన రాజును చూసి ఉంటే సిగ్గుపడి దిగిపోయేవాడు.

పైగా ఒక సెలవంటే ఒక రోజు కాదు. ముందురోజు సాయంత్రం నుంచే నోరు సిద్ధం చేసుకోవాలి. మర్నాడు మిగిలిన బూరెలు పారేస్తే అన్నపూర్ణ అలుగుతుంది, కాబట్టి అవీ తినాలి. ఇలా ముప్పయి అయిదు రోజుల్లో అంబలి తాగింది పట్టుమని పదకొండు రోజులు.

కేశవాచారి ఒకసారి నోరు విప్పబోయాడు. "ప్రభూ, ఇది పథ్యానికి సెలవు కాదు, సెలవుకు పథ్యం..."

శాస్త్రి అడ్డుపడ్డాడు. "సెలవునాడు తిన్నది ఒంటికి పట్టదు. మనసు నిర్మలంగా ఉన్నప్పుడు తిన్నదానికి బరువుండదు. ఇది మీ వైద్యానికి అందే విషయం కాదులెండి."

రాజుకు ఆ మాట మహా రుచించింది. వైద్యుడు మూలికల సంచీ సర్దుకుని ఇంటికి పోయాడు.

పౌర్ణమికి అయిదు రోజులుందనగా రాజు కొలువులోకి పోలయ్యను పిలిపించాడు. "ఏమిరా పోలయ్యా, మేము నెలకు పైగా పథ్యంలో ఉన్నాం. త్రాసుకంటే నీ భుజం నిజం చెబుతుంది. ఎంత తగ్గాం?"

పోలయ్య చేతులు కట్టుకున్నాడు. అబద్ధం చెబితే భుజం ఊరుకోదు, నిజం చెబితే రాజు ఊరుకోడు. "ఏలినవారు మన్నించాలి. పెరిగారు ప్రభూ" అన్నాడు.

రాజు మొహం కందగడ్డ అయింది. శాస్త్రి లేచాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ప్రభువులు పథ్యంలో ఉండి పెరుగుతారా? వీళ్ళ భుజాలే సోమరులయ్యాయి. నా లెక్క ప్రకారం తమరు ఈపాటికి పావు వంతు తగ్గి ఉండాలి. ఇంకా ఎనిమిది మంది మోయడం తమ వ్రతానికే అవమానం."

"నిజమే. ఈసారి కొండకు ఆరుగురే మోయండి" అన్నాడు రాజు.

"ప్రభూ, ఎనిమిది మందికే నిరుడు మా చెంచయ్య భుజం జారింది. ఆరుగురంటే మూడు వందల మెట్లు దింపకుండా..."

"దింపితే మాన్యం సంగతి మీకు తెలుసు" అన్నాడు రాజు. కొలువు ముగిసింది.

పోలయ్య ఇంటికి వెళ్ళేసరికి మిగతావాళ్ళు అరుగుమీద కూర్చుని ఉన్నారు. సంగతి విని, భుజం జారిన ముసలి చెంచయ్య చేతులు ఎత్తేశాడు. "తినేది ఆయన, అరిగేది మనం. ఇప్పుడు పొలం కూడా ఆయన బూరెల కింద పోవాలా? నాకు విసుగొచ్చిందిరా పోలిగా. పోతే పోయింది, ముష్టెత్తుకుందాం."

"నాకూ వచ్చింది మామా" అన్నాడు పోలయ్య. "ఇంకా అయిదు రోజులుంది. అడవికి పోయి చేవదేరిన తుమ్మకర్రలు కొట్టుకురండి. మంచి పంగల కర్రలు కావాలి. పౌర్ణమి నాడు తలా ఒక సద్దిమూట కూడా కట్టుకోండి."

పల్లకీ మోసేవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఒక పంగల కర్ర ఉంటుంది. రాజు గుక్కెడు నీళ్ళు తాగాలన్నా, ఎవరితోనైనా మాట్లాడాలన్నా దండెను ఆ పంగల మీద ఆనించి కాసేపు ఊపిరి తీసుకుంటారు. పల్లకీ గాలిలోనే ఉంటుంది, నేలకు తగలదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

పౌర్ణమి రానే వచ్చింది. గుడికి వెళ్ళేముందు ఎవరైనా ఉపవాసం ఉంటారు. కాని శాస్త్రి, "రాజు ఖాళీ కడుపుతో కనిపిస్తే రాజ్యంలో కరువొచ్చిందని స్వామి కంగారుపడతాడు" అన్నాడు. ఆ రోజూ సెలవే అయింది. పొద్దున్నే పులిహోర, బొబ్బట్లు, గడ్డపెరుగు, వాటిమీద పాయసం. రాజు పల్లకీలో కూర్చోగానే దండె మూలిగింది.

ఆరుగురూ ఎత్తారు. "ఓహోం, ఓహోం" అంటూ కదిలారు. యాభై మెట్లకు పాట ఆగింది. ఎనభై మెట్లకు కాళ్ళు వణికాయి. నూరో మెట్టు దగ్గర ఒక మండపం ఉంది, దాని అరుగు భుజమెత్తు. అక్కడికి రాగానే పోలయ్య కర్ర తాటించాడు. ఆరు పంగలూ ఒక్కసారి దండె కిందికి వెళ్ళాయి. పల్లకీ అరుగు పక్కకు ఆనుకుని గాలిలో నిలబడింది. బోయీలు తలపాగాలు తీసి, మెట్లమీద కూర్చుని సద్దిమూటలు విప్పారు.

రాజు తెర తీశాడు. "ఏమిట్రా ఇది?"

"సెలవు ప్రభూ" అన్నాడు పోలయ్య ఉల్లిపాయ కొరుకుతూ.

"సెలవేమిటి?"

"ఎంత కష్టమైన పనికైనా నడుమ సెలవు ఉండాలి. అది ఎప్పుడో కష్టం పడేవాడే నిర్ణయించుకోవాలి. దండోరా వేసిన రోజు తమరిని మోసుకుంటూ ఏడు వీధుల్లో ఏడుసార్లు విన్నాను. చదువు లేకపోయినా నోటికొచ్చేసింది."

వెనకాల గొడుగు కింద వస్తున్న శంభుశాస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "మూర్ఖుడా, ఆ శాసనం పథ్యానికి!"

"పథ్యమన్న మాట అందులో ఎక్కడుందో చూపించండి అయ్యవారూ" అన్నాడు పోలయ్య.

ఆ మాట తీసేసింది శాస్త్రే. మెట్లమీద భక్తులు గుమిగూడారు. తన శాసనాన్ని ఊరందరి ముందు తానే కాదంటే రాజు పరువేం కావాలి?

"సరే, ఎంతసేపు మీ సెలవు?" అన్నాడు రాజు పళ్ళు బిగించి.

"ఏలినవారి దారే మా దారి. ముందురోజు సాయంత్రం మొదలవుతుంది, మర్నాడు మిగిలిన చద్ది తినేదాకా ఉంటుంది. నిన్న సాయంత్రం వాడుకోలేదు, అది వదులుకుంటున్నాం."

"హారతి వేళ మించిపోతుందిరా!"

"దానికేం ప్రభూ. సెలవునాడు తిన్నది ఒంటికి పట్టదని శాస్త్రిగారే సెలవిచ్చారు. నలభై రోజుల్లో ముప్పావు వంతు సెలవులే గనక, తమరిప్పుడు దూదిలా ఉండాలి. అయ్యవారు ఒక్కసారి భుజం పెడితే మా సోమరితనం కూడా బయటపడుతుంది."

రాజు శాస్త్రివైపు చూశాడు. నలుగురూ చూస్తున్నారు. తప్పేదేముంది, శాస్త్రి ఉత్తరీయం మడిచి భుజాన వేసుకుని దండె కింద దూరాడు. పక్కనున్న ఒక్క పంగను మాత్రం పోలయ్య మెల్లగా పక్కకు లాగాడు.

శాస్త్రి మోకాళ్ళు వంగాయి. పిలక ముడి ఊడింది. కళ్ళు తేలవేశాడు.

"ఏమండీ శాస్త్రిగారూ, బరువుందా?" అన్నాడు రాజు పైనుంచి.

"పట్టింది ప్రభూ" అన్నాడు శాస్త్రి ఏడుపు గొంతుతో. "అంతా ఒంటికి పట్టింది. బూరెలు పట్టాయి, బొబ్బట్లు పట్టాయి, అన్నప్రాశన కూడా పట్టింది. నన్ను వదిలించండి."

పోలయ్య పంగను మళ్ళీ కిందికి తోశాడు. శాస్త్రి మెట్టుమీద చతికిలబడ్డాడు. రాజు ఆయన్ని చూశాడు. తర్వాత మెట్లమీద కూర్చున్న ఆరుగురి భుజాలనూ చూశాడు. కాయలు పగిలి నెత్తురు చిమ్మిన భుజాలు అవి. ఇన్నేళ్ళలో తెర తీసి వాటిని చూసింది ఆ రోజే.

అరుగుమీదికి అడుగు పెట్టి పల్లకీ దిగాడు. నడవడం మొదలెట్టాడు.

ఖాళీ పల్లకీని బోయీలు తేలిగ్గా భుజానికెత్తుకున్నారు, నియమం తప్పలేదు. రాజు పది మెట్లకొకసారి ఆగాడు, రొప్పాడు, నడుం పట్టుకున్నాడు. కూర్చుంటానంటే పోలయ్య పంగల కర్ర చేతికిచ్చాడు. ఎలాగో హారతి వేళకు పైకి చేరి, తన చేత్తో దీపం పెట్టాడు. పూజారి ప్రసాదం దోసిలినిండా పెట్టబోతే, ఒక్క ముద్ద చాలన్నాడు.

అది తిని, మెట్లవైపు తిరిగి చూసి, ఫక్కున నవ్వాడు. పొట్ట కదిలేలా నవ్వాడు. "పోలయ్యా, నా శాసనంతో నన్నే నడిపించావురా" అన్నాడు.

అక్కడే మూడు మాటలు చెప్పాడు. ఎనిమిది ఇళ్ళ మాన్యం ఇక ఎప్పటికీ వాళ్ళదే, పల్లకీ దిగినా దిగకపోయినా. సెలవు వైద్యుడు చెప్పినట్టే, ఎనిమిది రోజులకొక పూట. తనకు సెలవైన రోజు పల్లకీకీ సెలవే, ఆ రోజు తాను నడుస్తాడు. తన చేతి కడియం తీసి, చెంచయ్యకివ్వమని పోలయ్య చేతిలో పెట్టాడు. శాస్త్రిని మాత్రం నెల రోజులు కేశవాచారి దగ్గర అంబలి తాగమన్నాడు.

ఆశ్చర్యమేమంటే, రాజు ఆ మాట నిలబెట్టుకున్నాడు. తింటే నడవాలని తెలిశాక వాన పడ్డా, పడకపోయినా సెలవు గుర్తు రాలేదు.

శివరాత్రి వెళ్ళాక ఒక సెలవునాడు రాజు విస్తరి ముగించి, కోట చుట్టూ గబగబా నడుస్తున్నాడు. పక్కన ఖాళీ చేతులతో పోలయ్య నడుస్తున్నాడు.

"నిజం చెప్పరా పోలయ్యా. ఇప్పుడైనా తగ్గామా?"

పోలయ్య కుడి భుజం తడుముకున్నాడు. కాయ మెత్తబడింది.

"ఏం చెప్పమంటారు ప్రభూ. చెప్పాల్సిన భుజం ఇవాళ సెలవులో ఉంది."