గుమ్మడికాయ మీద చెయ్యి

అప్పలనరసయ్య ఎడమచేతి రెండు వేళ్లకీ కట్టు ఉంది. అయినా కత్తి వదల్లేదు.

చెంచమ్మగారి ఆశ్రమంలో గుమ్మడికాయకి మొదటి వేటు మగవాడే వెయ్యాలి. పదకొండేళ్లుగా ఆ పని నరసయ్యది. ఎడమచేత్తో కాయని అదిమిపట్టి, కుడిచేత్తో కత్తి తలమీదికి ఎత్తి ఒక్కటే వేటు. రెండోది ఎరగనని చెప్పుకునేవాడు. నిన్నటి కాయ మాత్రం పాతది, తొక్క రాయిలా బిగిసింది. కత్తి జారింది.

"వేళ్లు మానేదాకా సింహాద్రి కొడతాడులే," అన్నారు చెంచమ్మగారు. ఆశ్రమానికి పెద్ద ఆవిడే, నరసయ్యకి గురువూ ఆవిడే.

నరసయ్య ముఖం మాడిపోయింది. ఆరేళ్ల కిందట, వంటింట్లో తనతో పనిచేసే ఈ సింహాద్రే, 'ముసలాడి చెయ్యి వణుకుతోంది' అని పంక్తిలో అందరిముందూ అన్నాడు. ఆ పూట వడ్డించిన పప్పేమిటో కూడా నరసయ్యకి గుర్తే.

"తప్పు నాది కాదమ్మా. నిన్న కత్తి మొద్దుబారి ఉంది. ఇవాళ పొద్దున్నే నూరాను. వాడి చేతికిస్తే ఈ పూట నేను మెతుకు ముట్టను."

"ముట్టకపోతే నాకింకో ముద్ద, మావా," అని నవ్వాడు సింహాద్రి పొయ్యి దగ్గర్నుంచి.

చెంచమ్మగారు అలాంటిదే ఇంకో కాయ తెచ్చి పీటమీద పెట్టారు. పక్కన కూర్చుని, తన అరచెయ్యి దానిమీద ఆనించారు.

"నేను పట్టుకుంటాను. కొట్టు."

నరసయ్య కత్తి ఎత్తాడు. నున్నటి కాయ పీటమీద కొంచెం ఊగుతోంది. ఆ ముడతల చెయ్యి దానిమీదే ఉంది. కత్తి దిగలేదు.

"చెయ్యి తియ్యండమ్మా."

"ఏం? నీది ఒక్క వేటేగా."

"జారితేనో?"

"నిన్న ఇక్కడున్నది నీ చెయ్యి. ఆ మాట అప్పుడు అడగలేదేం?"

సింహాద్రి నవ్వు ఆపేశాడు.

నరసయ్య కత్తి దించాడు. భుజంమీది తువ్వాలు తడిపి, కుదురులా చుట్టి, కాయని అందులో కూర్చోబెట్టాడు. ఊపి చూశాడు. కదల్లేదు. చేతులు పంచెకి తుడుచుకుని, కత్తి మొన తొడిమ పక్కన ఆనించాడు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమ అరచెయ్యి కత్తి వెన్నుమీద వేసి మెల్లగా ఒత్తాడు. కాస్త దిగింది. కాయని తిప్పి మళ్లీ ఒత్తాడు. మళ్లీ తిప్పాడు. సింహాద్రి వైపు మాత్రం చూడలేదు.

చివరికి కాయ పటుక్కున విడిపోయింది.

"ఎన్నిసార్లు పట్టింది మావా?"

నరసయ్య రెండు చేతులూ వాడి ముఖం ముందు చాపాడు. కట్టుతో సహా పది వేళ్లు.

చెంచమ్మగారు లేచి వెళ్లి, రెండో కాయ తెచ్చి నరసయ్య ముందే పెట్టారు. ఈసారి దానిమీద చెయ్యి ఆనించలేదు.