బతికున్నవాడి పేరు ముందు రెండక్షరాలు

చూపు మందగించినప్పట్నుంచీ సంపూర్ణమ్మ పంతులమ్మగారికి ఏ కాగితం వచ్చినా ఎదుటివాళ్లచేత పైకి చదివించుకోవడం అలవాటు. ఆవిడ దగ్గర బైబిలు వాక్యం నేర్చుకుంటున్న తబిత, ఆ రోజు తను తెచ్చిన కాగితం సంచిలోనే దాచుకుని, ముందుగా ఒక మాట అడిగింది.

“తల్లిదండ్రుల్ని సన్మానించమని ఆజ్ఞ ఉంది కదండీ. నాకు నాలుగేళ్లప్పుడు వదిలేసిపోయి, తాడేపల్లిగూడెంలో ఇంకో సంసారం పెట్టుకున్న మనిషిని ఎలా సన్మానించేది? శాలువా పోస్టులో పంపమంటారా?”

పంతులమ్మగారు నవ్వారు. “సంచిలో ఏదో ఉన్నట్టుందే. చదువు.”

అది తబిత పెళ్లి కార్డు ప్రూఫు. సాయంత్రంలోగా తప్పులు దిద్ది ప్రెస్సులో ఇచ్చెయ్యాలి. పెళ్లికొడుకు పేరు, చర్చి పేరు తడబడకుండానే చదివింది. తన పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. “కీ.శే. కొల్లాబత్తుల ఏలియా గారి కుమార్తె...”

“ఏలియా పోయాడా? ఎప్పుడమ్మా? ఆదరణ కూటానికి నన్ను పిలవనేలేదే.”

“మాకు పోయినట్టేనండీ. అబ్బాయి వాళ్లకీ అమ్మ అలాగే చెప్పింది. ఇప్పుడు నిజం తెలిస్తే సంబంధమే తప్పిపోవచ్చు.”

పంతులమ్మగారు చాప పరిచి కూర్చున్నారు. మనిషిని మట్టి చేసేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నారు. “నువ్వూ అందుకో. కూతురివి, పాడకపోతే ఎలా?”

ఎంత చిత్రమో చూడండి. ఇరవై ఏళ్లుగా ఆ మనిషిని మనసులో ఎన్నిసార్లు పాతిపెట్టిందో తబిత, పాట మాత్రం రెండో చరణం దాటలేకపోయింది.

“ఆపండి. బతికే ఉన్నాడు,” అంది.

పెన్ను తీసి ఆ రెండక్షరాలూ కొట్టేసింది. ప్రెస్సుకి పోలేదు. తిన్నగా అబ్బాయి వాళ్లింటికి నడిచింది. కాబోయే అత్తగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

“మా నాన్న చనిపోలేదండీ. మమ్మల్ని వదిలేసి వెళ్లాడు. మీకు అబద్ధం చెప్పాం,” అంది తబిత నిలబడే.

ఆవిడ కూర్చోమనలేదు. “మగవాళ్లు రానీ. మాట్లాడుకుని కబురు చేస్తాం,” అంది.

పంతులమ్మగారి దగ్గరికి తిరిగొచ్చేసరికి తబిత కళ్లు ఎర్రబడ్డాయిగానీ అడుగు గట్టిగానే పడుతోంది. “పెళ్లి ఉంటుందో ఊడుతుందో తెలీదండీ. ఆ అక్షరాలు మాత్రం మళ్లీ పెట్టను. ఒకవేళ జరిగితే, ఆయన్ని పిలవాలా?”

పంతులమ్మగారు మెల్లగా చాప చుట్టేస్తూ అన్నారు: “బతికున్నవాడి సంగతి కదమ్మా. ఆలోచించుకోడానికి రేపు కూడా ఉంది.”