గోడకవతలి శేషం

పేర్రాజు మాస్టారికి ఒక అలవాటు ఉంది. లెక్క గురించి అడిగితే కూర్చున్న చోటే జవాబు చెబుతారు. బతుకు గురించి అడగాల్సింది లెక్క ముసుగేసి అడిగితే మాత్రం చెప్పులేసుకుని లేస్తారు. ఆ మధ్యాహ్నం శిష్యుడు సాంబమూర్తి అడిగింది ఆ రెండో రకం ప్రశ్న.

“మాస్టారూ, ఈ సంఖ్య విరిగేదేనని మీరే రుజువు చేశారు. దేనితో విరుగుతుందో ఎనిమిదేళ్ళుగా దొరకడం లేదు. ఆపమంటారా, సాగించమంటారా?”

అది నలభై మూడంకెల సంఖ్య. ప్రధాన సంఖ్యే అయితే మాస్టారి పరీక్షలో ఒకటి మిగలాలి. మిగల్లేదు. అంటే దాన్ని నిశ్శేషంగా భాగించేవి ఎక్కడో ఉన్నాయి. ఉన్నాయని తెలుసు, ఏవో తెలియదు. సాంబమూర్తి ప్రధాన సంఖ్యలన్నీ వరసగా పట్టుకుని భాగించుకుంటూ పోతున్నాడు. మాస్టారి శిష్యులందరిదీ ఒకటే పద్ధతి: వచ్చిన శేషం పైకి చెప్పాలి, రెండో మనిషి దాన్ని తిరిగి చెప్పాలి, అప్పుడే రాసుకోవాలి. సాంబమూర్తికి ఆ రెండో మనిషి భార్య మాణిక్యం. వంటింట్లో పని చేసుకుంటూనే గోడకవతల నుంచి పలికేది. నాలుగు రోజులుగా ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కాకినాడ తీసుకెళ్ళవయ్యా బాబూ అని డాక్టరు మొత్తుకున్నాడు. ఈ మహానుభావుడు ‘ఈ నోటుపుస్తకం ఒక్కటీ పూర్తవనీ’ అన్నాడు. ఏం మనిషండీ!

మాస్టారు చెప్పులేసుకుని అతన్ని వెంటబెట్టుకుని వీధి చివర పాతింటికి తీసుకెళ్ళారు. తాళం తీస్తే దుమ్ము, ఒక పీట, ఒక పలక, గోడ నిండా కట్టలు కట్టిన పుస్తకాలు. “మా అన్నయ్య గది. ఇదే సంఖ్యతో ఇరవై ఏళ్ళు కుస్తీ పట్టాడు. కూర్చుని ఒక్క భాగహారం చెయ్యి,” అన్నారు.

సాంబమూర్తి పలక మీద చేశాడు. అలవాటు చొప్పున పైకి చెప్పాడు. “నాలుగు వేల ఏడు.”

“నాలుగు వేల ఏడు,” అంది గోడకవతల నుంచి ఒక ఆడగొంతు. నీరసంగా, ఓపిగ్గా.

“ఎవరండీ అక్కడ?”

“వెళ్ళి చూడు.”

సాంబమూర్తి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. అక్కడ గదే లేదు. కప్పు ఎప్పుడో కూలిపోయింది. మొండిగోడల మధ్య ఆముదం మొక్కలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. మనిషి అడుగు పడి ఏళ్ళయినట్టుంది. వెనక్కి చూసుకుంటూ తిరిగొచ్చాడు.

మాస్టారు గుమ్మంలో నిలబడే చెప్పారు. “మా వదిన అక్కడే పోయింది. విషజ్వరం. అన్నయ్య ఇక్కడ శేషాలు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ పోయాక కూడా మూడు రోజులు తిరిగి వినబడుతూనే ఉన్నాయట. అందుకే లేవలేదు. చివరికి వీధిలోవాళ్ళు వచ్చి తలుపు తోశారు.”

“మరి సంఖ్య?”

“అలాగే ఉంది.”

సాంబమూర్తి తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు గబగబా అన్నాడు. “మా మాణిక్యానికి అంత ప్రమాదమేం లేదండీ. పొద్దుట్నించీ నేను చెప్పిన ప్రతి శేషమూ తిరిగి చెబుతూనే ఉంది. బయల్దేరేటప్పుడు కూడా పలికింది.”

మాస్టారు తాళంకప్ప చేతిలో పట్టుకుని అతని మొహంలోకి చూశారు.

“పలికింది సరేనయ్యా. మనిషిని చూశావా?”