ఏటి అవతల ఎర్ర కొంగు

అనగనగా సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరొకటి ఉండేది కన్నా. ఆ ఊళ్ళో గున్నమ్మ ఉండేది. ఆమె చెల్లెలు తవిటమ్మని ఉప్పుటేటికి అవతలి ఊరికిచ్చారు. అక్కడా ఉప్పు మళ్ళే.

పొద్దువాలాక పని ముగించి అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో గట్టు మీదకి వచ్చేవారు. కొంగు ఎత్తి ఊపేవారు. నేను బాగున్నాను, నువ్వూ బాగున్నావు కదా అని దానర్థం. దూరానికి కనబడాలని తవిటమ్మ ఎప్పుడూ ఎర్ర చీరే కట్టేది. పడవెక్కి పోవడానికి తీరికెక్కడిది, ఉప్పు పని ఒక్కనాడైనా ఆగుతుందా?

గున్నమ్మ నలభై ఏళ్ళు ఎండలో ఉప్పు లాగింది. కింద తెల్లటి ఉప్పు, పైన సూర్యుడు, ఆ మెరుపంతా కళ్ళలోకే. దానికి తోడు చుట్ట ఒకటి. అక్కడి ఆడవాళ్ళు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, నవ్వకు మరి. కళ్ళు ఎర్రబడితే మందుల కొట్లో చుక్కలు కొనుక్కుని, ఎవరినీ అడక్కుండా ఏళ్ళ తరబడి వేసుకుంది.

ఒకనాడు అవతలి గట్టు మసగ్గా కనిపించింది. ఏటి మీద మంచు అనుకుంది. ఎండాకాలం వచ్చింది, మంచు పోలేదు. ఆ తర్వాత చెల్లెలే కనిపించలేదు.

గున్నమ్మకి ఒకటే తోచింది. తవిటమ్మ కూతురి పెళ్ళికి తను పోలేదు, ఉప్పు తీసే రోజులని ఆగిపోయింది. అందుకే చెల్లి అలిగి గట్టు మీదకి రావడం మానేసింది అనుకుంది. అంత పంతం నాకూ ఉంది అని తనూ కొంగు ఎత్తడం మానేసింది. అయినా పొద్దువాలేసరికి కాళ్ళు గట్టుకే లాగేవి. చెల్లి మీద బెంగతో అన్నం సయించేది కాదు. చుట్టలు మాత్రం ఎక్కువయ్యాయి.

ఇలా ఉండగా ఆమె తీసే ఉప్పులో నల్లమట్టి కలుస్తోందని మేస్త్రి కోప్పడి, ఊరి బడిలో శిబిరం పెట్టి కళ్ళు చూస్తున్న డాక్టరమ్మ దగ్గరకి పంపాడు. డాక్టరమ్మ శుక్లాలంది. చక్కెర జబ్బు ఉందా అని అడిగింది, లేదంది గున్నమ్మ. వయసు మీద పడితే ఎవరికైనా వస్తాయి గానీ, నీకు ఆ ఎండా, ఆ పొగా, అడక్కుండా వేసుకున్న ఆ చుక్కలూ తొందరగా తెచ్చిపెట్టాయి అని చెప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేసింది.

కట్టు విప్పిన నాలుగో రోజు గున్నమ్మ గట్టెక్కింది. అవతల తవిటమ్మ ఉంది. ఎర్ర కొంగు ఊపుతోంది. గున్నమ్మ రెండు చేతులూ ఎత్తి ఊపింది. చెల్లి ఇటు తిరగలేదు. ఎవరూ లేని వైపు చూస్తూ ఊపుతూనే ఉంది.

గున్నమ్మ ఉన్నపాటున పడవెక్కి పోయి చెల్లి చెయ్యి పట్టుకుంది. తవిటమ్మ ఆ చెయ్యి తడిమి గుర్తుపట్టింది.

"రెండేళ్ళయింది అప్పా, నువ్వగుపడక," అంది తవిటమ్మ. "నాకగుపడకపోతేనేటి, నువ్వు సూస్తావు గదా అని ఊపుతున్నాను."

ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పినా గున్నమ్మ ఏడ్చింది. అదే పడవలో చెల్లిని ఎక్కించుకుని డాక్టరమ్మ దగ్గరకి బయల్దేరింది. దారంతా ఆ చెయ్యి వదల్లేదు. తను కొంగు ఎత్తడం మానేసిన సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేకపోయింది, ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

కథ పోయె కంచికి, కునుకు వచ్చె కంటికి.