గవరయ్య వాకిట్లో పిచ్చిమొక్కలు

అనగనగా ఒక అడవిలో, వాగుకు ఈవలి గట్టున, జంతువులన్నీ కలిసి కట్టుకున్న పేట ఒకటి ఉండేది. కుందేళ్ళు, ఉడుతలు, ముళ్ళపందులు, ఉడుములు పక్కపక్కనే ఇళ్ళు కట్టుకుని ఉండేవి.

పక్కపక్కనే ఉంటే ఏమవుతుంది? ఒకరి వాకిట్లో చెత్త పేరుకుంటే, పక్కింటికి తేళ్ళు వస్తాయి. ఒకరి ఇంటి ముందు కాలువ పూడిపోతే, వాననీళ్ళు పక్కింట్లోకి పోతాయి. అందుకని పేటవాళ్ళంతా కూర్చుని మూడు నియమాలు పెట్టుకున్నారు. ఇంటి కప్పు కూలేలా ఉండకూడదు. కాలువకు ఏదీ అడ్డం ఉండకూడదు. వాకిట్లో మొక్కలు మోకాలు దాటి పెరగకూడదు.

ఎవరి మోకాలు అంటారా? వాళ్ళూ అదే మాట మీద ఒక పూటంతా పోట్లాడుకున్నారు. చివరికి జింక మోకాలికి అందరూ ఒప్పుకున్నారు.

ఈ నియమాలు ఎవరు పాటిస్తున్నారో చూసే పని నూకాలు అనే ముంగిసది. నూకాలు ఆ పనిలో కొత్తగా చేరింది. ఎక్కడ పొరపాటు చేస్తానో అని దానికి భయం. తప్పు కనిపిస్తే అదేమిటో టేకు ఆకు మీద గోటితో రాసి, తుమ్మజిగురుతో ఆ ఇంటి తలుపుకి అతికించి వచ్చేది. అయిదు రోజులకు మళ్ళీ వెళ్ళి చూసేది. పని జరగకపోతే రెండో ఆకు అతికించేది. అప్పటికీ జరగకపోతే మూడో ఆకు. మూడో ఆకు పడిందంటే అడవిపందులు వచ్చి ఆ ఇంటిని తవ్వి చదును చేస్తాయి. ఆ ఇంటివాళ్ళు పేట విడిచి పోవాలి.

ఒకరోజు పైడమ్మ అనే కుందేలు నూకాలు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నూకాలక్కా! మా పక్కింటి గవరయ్య మావ వాకిలి చూశావా? పిచ్చిమొక్కలు నా చెవులకంటే ఎత్తు పెరిగాయి. కాలువంతా పూడిపోయింది. వానలు వస్తే నా పిల్లల గతేంటి?" అంది.

నూకాలు వెళ్ళి చూసింది. పైడమ్మ చెప్పింది నిజమే. గవరయ్య ముసలి ముళ్ళపంది. ఒకప్పుడు అతని వాకిలి అద్దంలా ఉండేదని అందరూ చెప్పుకునేవారు. ఇప్పుడు చూస్తే కుక్కతులసి, ఉత్తరేణి, తుమ్మి గుబురుగా పెరిగిపోయి ఉన్నాయి. నూకాలు తలుపుకి ఆకు అతికించి వచ్చేసింది.

అయిదు రోజుల తరవాత వెళ్ళింది. మొక్కలు అలాగే ఉన్నాయి. మొదటి ఆకు కూడా అలాగే ఉంది. పక్కన రెండో ఆకు అతికించి వచ్చేసింది.

నాలుగో రోజున వాన పడింది. పెద్ద వానేం కాదు. అయినా కాలువలో దారి లేక నీళ్ళు పైడమ్మ ఇంట్లోకి దూరాయి. పిల్లలు పడుకునే ఎండుగడ్డి అంతా తడిసిపోయింది. చిన్న కూన జలుబు చేసి మూలుగుతూ పడుకుంది.

"రెండు ఆకులు అతికించావు. ఏం లాభం అక్కా?" అని పైడమ్మ ఏడ్చింది.

మర్నాడు నూకాలు మూడో ఆకు పట్టుకుని బయలుదేరింది. గవరయ్య మీద దానికి చాలా కోపంగా ఉంది. కానీ వాకిలి దగ్గరికి వచ్చాక ఒక వింత కనిపించింది. అంత గుబురు మధ్యలోంచి సన్నటి దారి ఒకటి తలుపు దాకా ఉంది. ఆ దారిలో ఒక్క పుల్ల లేదు. ఒక్క రాయి లేదు.

"బద్ధకస్తుడైతే దారి ఇంత శుభ్రంగా ఎందుకు ఉంచుకుంటాడు?" అనుకుంది నూకాలు. దానికి ఆకు సంగతి తెలుసుకోవాలని కూడా అనిపించింది. రెండు ఆకులు తలుపు మీద కనిపిస్తుంటే చదవకుండా ఎలా ఉన్నాడు?

ఆకు అతికించి వెళ్ళిపోవచ్చు. నియమం అంతే చెబుతోంది. కానీ నూకాలు వెళ్ళలేదు. ఒక పక్కగా కూర్చుని ఎదురుచూసింది.

కాసేపటికి గవరయ్య వచ్చాడు. మెల్లగా, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. ఉత్తరేణి ముళ్ళు ఒంటికి గుచ్చుకోగానే కుడివైపు తిరిగాడు. కుక్కతులసి దగ్గర ఆగి, వాసన చూసి, ఎడమవైపు తిరిగాడు. తుమ్మి పూలు ముక్కుకి తగలగానే చెయ్యి చాచి తలుపు పట్టుకున్నాడు. నూకాలు పక్కనుంచే వెళ్ళాడు. దాన్ని చూడనే లేదు.

నూకాలు లేచి అతని దగ్గరికి వెళ్ళింది.

"మావా, నీకు కళ్ళు కనిపించవా?" అని అడిగింది.

గవరయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఏడాది నుంచీ మసకేనమ్మా. ఇప్పుడు అదీ లేదు. ఈ మొక్కలే నాకు దారి చెబుతున్నాయి. అందుకే వాటి జోలికి పోలేదు" అన్నాడు.

"మరి ఈ ఆకులు?"

"తలుపు మీద చేతికేదో తగులుతోంది. గాలికి కొట్టుకొచ్చిన ఆకులనుకున్నాను."

"ఎవరికైనా చెప్పొచ్చు కదా మావా!"

"చెబితే ఈ గుడ్డివాడు మనకెందుకని పంపేస్తారేమో అని భయమేసిందమ్మా" అన్నాడు గవరయ్య. కాలువ పూడిపోయిన సంగతి అతనికి తెలియదు. పైడమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చాయని నూకాలు చెప్పగానే తల పట్టుకుని కూలబడ్డాడు.

నూకాలు అతన్ని వెంటబెట్టుకుని పేట పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆ పేట పెద్ద ఒక ఏనుగు. పైడమ్మ కూడా వచ్చింది. ఆ రోజు మూడో ఆకు పడుతుందని తెలిసి, ఇల్లు తవ్వడానికి అడవిపందులు అప్పటికే సిద్ధంగా నిలబడి ఉన్నాయి.

"మావకు కళ్ళు కనిపించవు. ఇల్లు తవ్వొద్దు పెద్దయ్యా" అంది నూకాలు.

"అలాగని కాలువ వదిలేస్తే ఈ పిల్లల తల్లి ఏం కావాలి?" అన్నాడు ఏనుగు.

"వదిలేయమనడం లేదు. కాలువ ఇవాళే తవ్వాలి. మొక్కలూ కొట్టాలి. కానీ మావకు దారి కూడా ఉండాలి. అసలు తప్పు నాది. రెండుసార్లు వెళ్ళాను. ఒక్కసారైనా తలుపు తట్టలేదు. తట్టి ఉంటే పైడమ్మ ఇల్లు తడిసేది కాదు."

పైడమ్మ నేల చూపులు చూస్తూ అంది. "నేను పక్కింట్లోనే ఉంటాను. నేనూ అడగలేదు."

ఏనుగు అడవిపందుల వైపు తొండం ఊపాడు. "ఇల్లు తవ్వొద్దు. వెళ్ళి కాలువ తవ్వండి" అని వాటితో చెప్పాడు.

సాయంత్రానికి కాలువ లోతుగా తయారైంది. పిచ్చిమొక్కలన్నీ పోయాయి. వాటి బదులు ఉడుతలు దారి పొడుగునా గుండ్రటి గులకరాళ్ళు పరిచాయి. రెండు మలుపుల దగ్గరా పైడమ్మ మరువం నాటింది. తలుపు దగ్గర దవనం నాటింది. రెండూ జింక మోకాలి దాకా కూడా ఎదగవు. వాసన మాత్రం దూరం నుంచే తెలుస్తుంది. గవరయ్య ముందు రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తలుపు దాకా నడిచి వెళ్ళాడు.

ఆకు అతికించే ముందు తలుపు తట్టి మాట్లాడాలని ఆ రోజు నుంచి పేటలో నాలుగో నియమం వచ్చింది.

వారం తిరక్కుండా పెద్ద వాన కురిసింది. పైడమ్మ పిల్లలందరినీ తీసుకుని గవరయ్య గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. జలుబు తగ్గిన చిన్న కూన అతని పక్కనే చేరింది.

"నీళ్ళు ఎటు పోతున్నాయే పిల్లా?" అని అడిగాడు గవరయ్య.

"మా ఇల్లు దాటి, వాగులోకి పోతున్నాయి తాతా!" అంది కూన.

గవరయ్య చెవులు నిక్కించి ఆ గలగలను చివరిదాకా విన్నాడు.

నీతి: నియమం అందరి మంచి కోసమే. కానీ తప్పు కనిపించగానే శిక్ష వేయకూడదు. ముందు తలుపు తట్టి కారణం అడగాలి. కారణం తెలిశాక చేయి కలపాలి.