ఆరున్నొకటి

అనగనగా గోదారి నడుమ ఒక లంకూరు. ఆ ఊళ్ళో సూరాంబ అని ఒక కోడలు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెప్పుకోడానికి నాకేం పని!

ఈ సూరాంబ కుంచం పట్టిందంటే గింజ కింద పడదు. ధాన్యం కొలిచేప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అనకూడదు, ఏడుపొస్తుందిట, ఆరున్నొకటి అనాలి. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి. పుట్టింట్లో అదే పాట, అత్తింట్లో అదే పాట. నాలిక్కి అలవాటైపోయింది.

ఓ శ్రావణంలో గోదారి పొంగింది. అరుగులు మునిగాయి, గాదెలు మునిగాయి, గడ్డివాములు తేలిపోయాయి. రాజుగారు ఎగువ నుంచి పడవలు పంపించి, ఒక్క ప్రాణం కూడా మిగిలిపోకూడదని ఆజ్ఞ వేశారు. ఊరంతా దాటేసింది. ఆఖరి పడవలో సూరాంబ వాళ్ళు. చంకలో చంటిపిల్ల, చుట్టూ ఎర్రనీళ్ళు, పడవ కట్టిన తాడేమో పీచులు పీచులుగా తెగుతోంది.

పడవవాడు కొండల మనిషి, లెక్కలు రావు. అందరూ ఎక్కారో లేదో లెక్క చూడమని సూరాంబనే అడిగాడు. మనుషుల్నైతే ఒకరు, ఇద్దరు, ముగ్గురు అనాలి కదర్రా? ఆ గాభరాలో ధాన్యం కొలిచినట్టు కొలిచేసింది! మావగారు లాభం, అత్తగారు రెండు, మొగుడు మూడు, మరిది నాలుగు, తోడికోడలు అయిదు, చంటిది ఆరు, తను ఆరున్నొకటి.

ఆ వెర్రినాగన్నకి ఈ కొలతల గొడవేం తెలుసు? ఆరున్నొకటి అంటే ఆరుగురు ఎక్కారు, ఇంకొకరు రావాలి కాబోలనుకుని గడ పాతి కూచున్నాడు. మావగారు తిట్టారు, మొగుడు బతిమాలాడు. ఊహూఁ.

"ఆ తల్లే చెప్పింది కదండీ, ఇంకొకరున్నారని! రాజుగారి ఆన, నేను కదల్ను" అన్నాడు.

పాడు నాలిక, బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందే అని సూరాంబ నెత్తి కొట్టుకుంది. వాడికి విడమరిచి చెబుదామని నోరు తెరిచింది.

అప్పుడు వినపడిందర్రా! రెల్లు దుబ్బుల్లోంచి, సన్నగా, "ఓ నాయనా... ఉన్నారా..." అని.

ఎవరూ? గంపలు అల్లుకుని బతికే బంగారి ముసలి. లంక చివర పాక, నా అన్నవాళ్ళు లేరు, ఏ ఇంటి లెక్కలోనూ లేదు. మెడలోతు నీళ్ళలో గంప పట్టుకుని తేలుతూ వస్తోంది. పడవవాడు గడ చాచాడు, సూరాంబ చెయ్యందుకుని లాగింది. ముసలిది పడవలో పడ్డం, తాడు ఫట్టుమనడం ఒక్కసారే!

పడవవాడు గడ వేసి పడవని ఒడ్డుకి తోశాడు. సూరాంబకి ఒళ్ళు ఝల్లుమంది. రోజూ ధాన్యం ఎత్తేది ఆవిడ అల్లిన గంపతోనే, ఇంత వరదలో ఆవిడ ఒక్కసారైనా గుర్తు రాలేదే! మరి నా నోట ఆరున్నొకటి అని పలికించింది ఎవరు తల్లీ అని, గోదారికి దణ్ణం పెట్టింది.

వరద తీశాక బంగారిని ఇంట్లోనే పెట్టుకుంది. కళ్ళంలో ఆరున్నొకటి అన్నప్పుడల్లా ఒక కుంచం పక్కన పోసేది, లెక్కలో లేనివాళ్ళకని. ఊరూ అదే నేర్చుకుంది. అందరూ చల్లగా ఉన్నారు.

అమ్మమ్మా, ఎసట్లో ఇంకో గుప్పెడు ఎవరికే అని అడుగుతారుగా, ఇదిగో, అందుకే. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఉండండి, లెక్క చూస్తాను. లాభం, రెండు, మూడు, నాలుగు. ఇంకెవరైనా వస్తారేమో, కాస్త జరిగి పడుకోండి.